బార్సిలోనాలో టూరిస్టుల మీద నీళ్లు కొడుతున్నారట, అమ్మను తీసుకెళ్లొచ్చా?

ఆమదాలవలస టీచర్

అందరికీ నమస్కారం. ప్రశ్న కాస్త పొడుగ్గా ఉంటుంది. పాతికేళ్లుగా క్లాసులో మాట్లాడుతున్న నోరు, సర్దుకోండి.

మే 22న మేం యూరప్ వెళ్తున్నాం. ఇక్కడి నుంచి నేను, మావారు, మా అమ్మ. అమ్మాయి జర్మనీలో ఎమ్మెస్ చేస్తోంది, అది అక్కడి నుంచి నేరుగా బార్సిలోనా వచ్చి కలుస్తుంది. ఆరు రోజులు బార్సిలోనా, తర్వాత వెనిస్, ఆఖర్న అమ్మాయి ఉండే ఊరు. జూన్ 5కి తిరుగు ప్రయాణం, ఎందుకంటే 12న బడి తెరుస్తారు. వీసాలు వచ్చేశాయి. దీనికోసం చీటీ ఎత్తాను. గవర్నమెంట్ టీచర్‌ని కాబట్టి ఎన్‌ఓసీ కావాలి, దానికెన్ని మెట్లు ఎక్కి దిగానో ఆ కథ ఇంకోసారి చెప్తాను.

ఇంతా అయ్యాక పోయిన ఆదివారం మావారి స్నేహితుడొకాయన వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో పెట్టారు. రోడ్డు పక్క హోటల్లో బల్లల దగ్గర కూర్చుని తింటున్నవాళ్ల మీద కొంతమంది పిల్లలాడుకునే నీళ్ల తుపాకులతో నీళ్లు కొడుతున్నారు. ఒకావిడ ప్లేటు చేత్తో పట్టుకుని లేచి లోపలికి పోతోంది. పైన రాసిందేమిటంటే, 'యూరప్‌లో విదేశీయులను తరిమి కొడుతున్నారు'. తేదీ చూస్తే అది 2024 జూలైలోది. అయినా మావారికి ఆ రాత్రి నిద్ర లేదు. నాకూ లేదు, కాకపోతే నేను పైకి చెప్పలేదు.

అసలు సంగతి అమ్మ. వయసు 69. విమానం ఎక్కడం ఇదే మొదలు. వీడియో తనకి చూపించకూడదనుకున్నాం, కానీ పక్కింటి అబ్బాయి చూపించేశాడు. అమ్మది సోంపేట వైపు, బీల అనే చిత్తడి నేల దగ్గర. 2010 జూలై 14న థర్మల్ ప్లాంటు గొడవలో కాల్పులు జరిగినప్పుడు అమ్మ ఊళ్లోనే ఉంది. ఆ పొగ, ఆ పరుగులు, చేలల్లో పడిపోయిన చెప్పులు, ఇప్పటికీ చెబుతుంది. అమ్మకి నిరసన అంటే అదే. వీడియో చూసి నన్ను అడిగిన మొదటి మాట, "అక్కడ పోలీసోళ్లు కాలుస్తారేటమ్మా?" రెండో మాట, "మనం డబ్బులెట్టుకుని ఎల్లి వాళ్ల చేత తిట్టించుకోడమేటి?"

రెండోదానికి నా దగ్గర జవాబు లేదు.

పత్రికల్లో వెతికి చదివాను. ఒక్క బార్సిలోనాయే కాదు. 2024 ఏప్రిల్‌లో స్పెయిన్‌కి చెందిన కెనరీ దీవుల్లో వేలమంది వీధుల్లోకి వచ్చారు. 2025 జూన్ 15న ఒకేరోజు స్పెయిన్, పోర్చుగల్, ఇటలీ ఊళ్లలో నిరసనలు చేశారు. అంటే మేం వెళ్లే స్పెయిన్, ఇటలీ రెండూ ఉన్నాయి. గోడల మీద 'టూరిస్టులారా, ఇంటికి పొండి' అని రాస్తున్నారట. అద్దెలు పెరిగిపోయాయని వాళ్ల బాధ. చదివినకొద్దీ భయం కాస్త తగ్గింది కానీ మొహమాటం మొదలైంది. పిలవని పేరంటానికి చీర కట్టుకుని బయల్దేరినట్టుంది.

ఇంకొకటి. మేం హోటల్ తీసుకోలేదు. అమ్మ కోసం వంటగది ఉన్న ఫ్లాట్ బుక్ చేశాను. తనకి రాత్రి అన్నంలో ఇంత చారు పడకపోతే తెల్లవార్లూ కడుపు పట్టుకుని కూర్చుంటుంది. ఆన్‌లైన్‌లో చూశాను, రెండు గదులు, మూడో అంతస్తు, ఫోటోల్లో బాగుంది, చవక కూడా. సగం డబ్బు కట్టేశాను. ఇప్పుడు చదువుతుంటే వాళ్లు గొడవ చేసేదే ఇలాంటి ఫ్లాట్ల మీదని తెలుస్తోంది. పైగా ఆ ఇంటాయన నిన్న మెసేజ్ పెట్టాడు, 'మెట్ల మీద ఎవరైనా అడిగితే నా స్నేహితులమని చెప్పండి' అని. ఇది అక్కడ మామూలేనా?

వెళ్లొచ్చినవాళ్లు, అక్కడ ఉన్నవాళ్లు కాస్త ధైర్యం చెప్పండి. ధైర్యం చెప్పడానికి ఏమీ లేకపోతే నిజమే చెప్పండి.


కుండబద్దలు

మేడమ్, రావద్దన్నవాడి ఇంటికి మీరెందుకు వెళ్లడం? డబ్బు మీది, మర్యాద మీది. క్యాన్సిల్ చేసి వియత్నాం వెళ్లండి. సగం ఖర్చులో అయిపోతుంది, నవ్వుతూ అన్నం పెడతారు. యూరప్‌లో ఏముంది, పాత రాళ్లు. అవి మన ముఖలింగం గుళ్లో లేవా?


వలస పక్షి, బొబ్బిలి

టీచర్ గారూ, మాది బొబ్బిలి దగ్గర. నాలుగేళ్లుగా ఉద్యోగం బార్సిలోనాలో. మీ ప్రశ్న మధ్యాహ్నం భోజనానికి లేచినప్పుడు చూశాను, సాయంత్రం దాకా ఆగలేక రాస్తున్నాను. ఎందుకో చివర్లో చెప్తాను.

ముందు అమ్మగారి ప్రశ్న. ఎవరూ కాల్చరు. మీరు చూసిన వీడియో 2024 జూలై 6 నాటి ఊరేగింపుది. పోలీసుల లెక్కలో 2,800 మంది. రాంబ్లా అనే పెద్ద వీధి వైపు హోటళ్ల గుమ్మాలకు ఎర్ర తెల్ల టేపు అడ్డంగా కట్టారు, బయట కూర్చుని తినేవాళ్ల మీద పిచికారీ కొట్టారు. ప్రపంచమంతా చూసింది ఆ ఒక్క రోజునే. 2025 జూన్ 15న జరిగినప్పుడు నేను కూరగాయల సంచితో ఆ పక్కనుంచే వచ్చాను. పోలీసులు చెప్పిన సంఖ్య 600. ఊరి జనాభా పదహారు లక్షల పైమాట. డప్పులు కొట్టారు, రంగు పొగ వదిలారు, హోటల్ అద్దాల మీద స్టిక్కర్లు అంటించారు. నా ముందు నడుస్తున్న చిన్న పాప వాళ్ల నాన్న చేతిలోంచి నీళ్ల తుపాకీ లాక్కుని వాళ్ల నాన్న మీదే కొట్టింది. ఇబ్బంది అస్సలు లేదనను. 2025 ఏప్రిల్‌లో సగ్రాడా ఫమీలియా చర్చి దగ్గర టూరిస్టుల బస్సును ఆపి నీళ్లు కొట్టారు. అందులో కూర్చున్నవాళ్లకి అది సరదాగా ఉండి ఉండదు. కానీ అది తడవడమే, దెబ్బ తగలడం కాదు.

ఊరేగింపు ఎదురైతే పక్క వీధిలోకి తిరిగిపోండి. ఇక్కడ వీధులు గళ్ల నోటుబుక్కులా ఉంటాయి, ఒక గడి దాటితే చప్పుడు కూడా వినపడదు. మొహాల మీదకు ఫోన్ పెట్టి వీడియోలు తీయకండి. ఏదైనా అత్యవసరమైతే 112, యూరప్ అంతా అదే నంబరు.

నిజంగా భయపడాల్సింది జేబుదొంగలకి. మెట్రోలో, రాంబ్లా మీద, బీచ్‌లో. మా ఆఫీసుకి వచ్చిన హైదరాబాద్ కుర్రాడు మొదటి రోజే పాస్‌పోర్టు పోగొట్టుకున్నాడు, వెనక జేబులో పెట్టుకున్నాడు మరి. పాస్‌పోర్టులు దిగిన చోటే భద్రంగా పెట్టండి, జిరాక్సు తీసుకెళ్లండి. అమ్మగారు గొలుసు వేసుకుంటే కొంగు కప్పుకోమనండి.

తిడతారా అన్నారు. మొహం మీద తిట్టగా నేను చూడలేదు. ఇక్కడ బయటి టూరిస్టుని 'గీరీ' అంటారు. ఆ మాట వినగానే వాళ్ల కళ్ల ముందు మెదిలేది ఎండకి కమిలి ఎర్రగా అయిపోయి, మధ్యాహ్నం నుంచే బీరు పట్టుకుని తిరిగే తెల్లవాడు. మనవాళ్లని చూస్తే పక్క వీధిలో కొట్టు నడిపేవాళ్లనుకుంటారు. నన్ను ఇప్పటికీ పాల ప్యాకెట్ ధర అడుగుతుంటారు.

వాళ్ల కోపం ఎక్కడిదో కొంచెం చెప్తాను, అమ్మగారికి చెప్పడానికి పనికొస్తుంది. నేను వచ్చిన కొత్తలో ఒక్క గదికి 480 యూరోలు కట్టేవాణ్ణి. ఇప్పుడు అదే గదికి 700. పదేళ్లలో అద్దెలు 68 శాతం పెరిగాయని ఇక్కడి మేయర్ జౌమె కొల్బోనియే 2024 జూన్‌లో చెప్పాడు. అప్పుడే ఇంకో మాట కూడా అన్నాడు, ఊళ్లో టూరిస్టులకు అద్దెకిచ్చే 10,101 ఫ్లాట్ల లైసెన్సులు 2028 నవంబర్ తర్వాత ఉండవని. నేనుండే బిల్డింగులో ఆరు ఇళ్లు ఉంటే రెండు టూరిస్టులవే. రాత్రి ఒంటిగంటకి చక్రాల సూట్‌కేసు ఒక్కో మెట్టు మీద 'టక్, టక్' మంటూ మూడో అంతస్తుకి ఎక్కుతుంది. కింద ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండే ముసలావిడ తలుపు కొంచెం తెరిచి చూస్తుంది, ఎవరో తెలియదు, మళ్లీ వేసుకుంటుంది. వారానికోసారి కొత్త మొహాలు. ఆవిడ ఎదుటి ఇంట్లో ఒకప్పుడు నలభై ఏళ్లు ఉన్న కుటుంబం ఇప్పుడు ఊరి బయట ఎక్కడో ఉంది.

మరో సంగతి. పార్క్ గ్వెల్ అని కొండ మీద తోట, అందరూ వెళ్తారు, మీరూ వెళ్తారు. ఆ పేటకి 116 నంబరు చిన్న బస్సు ఉంది. కొండ మీద ఇళ్లుండే పెద్దవాళ్లు బజారుకి వెళ్లి రావడానికి అదే దిక్కు. ఫోన్ మ్యాప్ చూసి టూరిస్టులంతా అందులోనే ఎక్కేస్తుంటే, ఊతకర్రలతో ఉన్న ముసలివాళ్లు ఎక్కలేకపోయేవారు. చివరికి కార్పొరేషన్‌వాళ్లు అడిగి 2024లో ఆ రూటును గూగుల్ మ్యాప్ నుంచే తీయించేశారు. మీరు వేరే బస్సో మెట్రోనో పట్టుకోండి, కాస్త నడక పడుతుంది. అమ్మగారికి కష్టమైతే ట్యాక్సీ.

ఇక మధ్యాహ్నమే ఎందుకు రాశానంటే, ఆ 'స్నేహితులమని చెప్పండి' అన్న మెసేజ్ కోసం. అది మామూలు కాదండీ. అంటే ఆ ఫ్లాట్‌కి టూరిస్ట్ లైసెన్సు లేదని. ఇక్కడ లైసెన్సు ఉన్న ప్రతి ఫ్లాట్‌కీ హెచ్‌యూటీబీ అనే అక్షరాలతో మొదలయ్యే నంబరు ఉంటుంది, ప్రకటనలో అది కనబడాలి. మీరు చూసిన పేజీలో ఉందా? లేకపోతే ఇంటాయన్ని అడగండి. ఇవ్వకపోతే ఈ రోజే క్యాన్సిల్ చేయండి. పక్కింటివాళ్లు ఎవరైనా ఫిర్యాదు చేస్తే అర్ధరాత్రి పెట్టెలతో అమ్మగారిని పట్టుకుని మెట్ల మీద నిలబడే పరిస్థితి వద్దు. వంట కావాలంటే అపార్ట్‌హోటల్ అని ఉంటాయి. హోటలే, కింద రిసెప్షన్ ఉంటుంది, గదిలో రెండు బర్నర్ల పొయ్యి, గిన్నెలు ఉంటాయి. ఖరీదు కొంచెం ఎక్కువ. కానీ ఎవరి ఇల్లూ లాక్కున్నట్టు ఉండదు.

కుండబద్దలు గారూ, ముఖలింగం గొప్పదే, కాదన్నదెవరు. కూతుర్ని చూడ్డానికి వెళ్తున్నావిడని వియత్నాం పంపిస్తారేంటండీ.


ఆమదాలవలస టీచర్

బాబూ, నీ మాట చదివి వెంటనే పేజీ తెరిచి చూశాను. ఏ నంబరూ లేదు. ఇంటాయన్ని అడిగితే 'టెన్షన్ పడకండి, ఎప్పుడూ ఏ సమస్యా రాలేదు' అంటున్నాడు గానీ నంబరు మాత్రం చెప్పడం లేదు. ఇప్పుడు నాకు నిజంగానే టెన్షన్ మొదలైంది.


ఎస్.కోట ట్యాక్సీ

మేడమ్, నేను ఎప్పుడూ విదేశం వెళ్లలేదు. కానీ టూరిస్టులతోనే బతుకుతాను కాబట్టి రాస్తున్నాను. వైజాగ్ నుంచి, విజయనగరం నుంచి అరకు, అనంతగిరి, బొర్రా గుహలు తిప్పుతాను. డిసెంబర్, జనవరిల్లో ఆదివారం ఘాట్ రోడ్డు చూడాలి మీరు. కారు వెనక కారు, గంటలో నాలుగు కిలోమీటర్లు. పోయిన చలికాలం వెనకాల ఆటోలో పురిటి నొప్పులామె ఉంది, పైనుంచి ఎస్.కోట తీసుకొస్తున్నారు. నేను, ఇంకో ఇద్దరు డ్రైవర్లు దిగి ఒక్కో కారుని పక్కకి జరిపించాం. ఒక కారాయన సెల్ఫీ తీసుకుంటున్నాడు, జరపనన్నాడు. ఆ టైములో నా చేతిలో నీళ్ల తుపాకీ ఉంటే నేనూ కొట్టేవాణ్ణే. ఆమెకి ఆడపిల్ల, ఇద్దరూ క్షేమం.

వంజంగి కొండ మీద మేఘాలు చూద్దామని తెల్లవారకుండానే ఎక్కుతారు కదా, ఎండెక్కాక వెళ్లి చూడండి, చిప్స్ ప్యాకెట్లు, నీళ్ల బాటిళ్లు. మరి మేం రావద్దంటామా అంటే అనం. వస్తేనే నాకు ఈఎంఐ. బార్సిలోనాలో కూడా నాలాంటి డ్రైవర్లు ఉంటారు కదా మేడమ్, వాళ్లు మిమ్మల్ని రమ్మనే అంటారు. ట్యాక్సీ ఎక్కండి.


మూడు లాంతర్లు

విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర మా ఇల్లు. ఇన్సూరెన్స్‌లో పని చేసి రిటైరయ్యాను. రెండు ముక్కలు.

మొదటిది నా పాత వృత్తికి సంబంధించినది. యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంజెన్ వీసాకి 30,000 యూరోల వైద్య ఖర్చులకి తగ్గకుండా పాలసీ తీసుకుని ఉంటారు. అది ఒంట్లో బాగోకపోతే ఆదుకోడానికి. 'వీడియో చూసి భయమేసింది, అందుకని వెళ్లలేదు' అంటే ఏ పాలసీ కూడా రూపాయి ఇవ్వదు. కాబట్టి క్యాన్సిల్ చేయమనే సలహాలు చెప్పేవాళ్లని ముందు మీ టికెట్ల డబ్బు అడగండి. సమ్మెలకి, గొడవలకి విమానం ఆలస్యమైతే ఇస్తారా లేదా అనేది పాలసీ కాగితంలో మినహాయింపులు అనే పేజీలో ఉంటుంది. చిన్న అక్షరాలు. ముప్పై ఏళ్లు అమ్మాను, ఆ పేజీ చదివిన కస్టమర్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మీరు టీచరు కాబట్టి చదువుతారు. అమ్మగారికి బీపీ, షుగర్ ఉంటే ప్రపోజల్‌లో రాశారో లేదో చూసుకోండి. దాచిపెడితే అక్కడ ఆసుపత్రిలో తెలుస్తుంది. మందుల చీటీ ఇంగ్లీషులో డాక్టరు సంతకంతో పెట్టుకోండి.

రెండోది. మా పైడితల్లి సిరిమాను పండగ రోజున మా అరుగు మీద ఎవరు కూర్చున్నారో మాకే తెలియదు. తెలియనివాళ్లు వచ్చి నీళ్లడుగుతారు, పిల్లల్ని మా మంచం మీద పడుకోబెడతారు, మేడ మీదకి మాకన్నా ముందు ఎక్కేస్తారు. మా ఆవిడ వారం ముందు నుంచి విసుక్కుంటుంది, ఆ రోజు మాత్రం వంద మందికి పులిహోర కలుపుతుంది. అయితే దసరా వెళ్లిన మంగళవారం ఒక్క రోజు. మర్నాటికి ఊరు మాది మాకొచ్చేస్తుంది. స్పెయిన్‌కి 2024లో వచ్చినవాళ్లు దాదాపు 9.4 కోట్ల మంది అని చదివాను. ఆ దేశం జనాభా అయిదు కోట్లు లేదు. ఏడాది పొడుగునా సిరిమాను అయితే మా ఆవిడ కూడా పులిహోర గరిట తిరగేస్తుంది.

పూజారి కూర్చుని ఊరేగే సిరిమాను మీదకి మనం అరటిపళ్లు విసురుతాం. తగిలినా ప్రసాదమే అనుకుంటారు. నీళ్లేగా, అమ్మగారికి అలాగే చెప్పండి.


పలాస జీడిపప్పు

అక్కా, మేం 2025 జూన్‌లో వెళ్లొచ్చాం, నేను, మా ఆయన, ఇద్దరు పిల్లలు. సరిగ్గా ఆ 15వ తేదీ గొడవ నాడు మేం పారిస్‌లో ఉన్నాం. ఫోన్‌లో వార్తలు చూసి ఇండియా నుంచి మా అత్తగారు పన్నెండు సార్లు ఫోన్ చేశారు. మేం చూస్తే ఐస్‌క్రీమ్ తింటున్నాం.

అసలు దెబ్బ మర్నాడు పడింది. 16 సోమవారం, లూవ్ర్ మ్యూజియానికి పొద్దున్న టికెట్. వెళ్తే తలుపులు తెరవలేదు. జనం ఎక్కువైపోయారు, మేం తట్టుకోలేకపోతున్నాం అని లోపల పనిచేసే సిబ్బందే పని ఆపేశారు. గాజు పిరమిడ్ ముందు ఎండలో వేలమంది. నీడ లేదు. మా చిన్నాడు నా చున్నీ కింద దూరి కూర్చున్నాడు. మధ్యాహ్నం దాకా అలాగే. ఆ రోజు నాకు బాగా అర్థమైంది, టూరిస్టుని ఇబ్బంది పెట్టేది పక్కనున్న టూరిస్టులే. అందుకని ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి. ఒకటి తప్పిపోతే ఇంకో రోజు చూడొచ్చు. రోజుకి మూడు చోట్లు పెట్టుకోకండి, పెద్దావిడతో అసలే వద్దు. సగ్రాడా ఫమీలియాకి, పార్క్ గ్వెల్‌కి టైము వేసిన టికెట్లు ఉంటాయి, ముందే ఆన్‌లైన్‌లో తీసుకోండి. ఆ చర్చి కట్టిన గౌడీ చనిపోయి 2026 జూన్ 10కి వందేళ్లట, కాబట్టి ఈసారి జనం మామూలుగా ఉండరు.

వెనిస్‌లో పగలు వచ్చి సాయంత్రం వెళ్లిపోయేవాళ్లకి కొన్ని రోజుల్లో ప్రవేశ రుసుము ఉంది. మేం వెళ్లినప్పుడు ముందుగా కడితే 5 యూరోలు, ఆలస్యమైతే 10. ఆ ఊరి పరిధిలో రాత్రి ఉండేవాళ్లకి అక్కర్లేదు, కానీ వాళ్ల సైట్‌లో పేరు రాయించుకుని క్యూఆర్ కోడ్ తీసుకోవాలి. మేం వెనిస్ పక్కనున్న మెస్త్రేలో ఉన్నాం, అది కూడా ఆ పరిధిలోకే వస్తుంది, కోడ్ చూపించి వెళ్లిపోయాం. మీ తేదీలకి ఉందో లేదో అదే సైట్‌లో చూసుకోండి.

ఆఖరి మాట, వంట సామాను. పచ్చళ్లు, పొడులు, చింతపండు పర్లేదు. నెయ్యి, పాలకోవా, మాంసం వద్దక్కా. పాల పదార్థాలు, మాంసం బయటి దేశాల నుంచి సంచిలో తెస్తే అక్కడ ఒప్పుకోరు. మా అత్తగారు కట్టిన కిలో నెయ్యి ఎయిర్‌పోర్టులో చెత్తబుట్టలో వేశారు. ఇంటికి వచ్చాక 'మనవలు తిన్నారా' అని అడిగితే తిన్నారనే చెప్పాను.


ఆమదాలవలస టీచర్

అందరికీ పేరుపేరునా దండాలు. ఏం చేశానో చెప్తాను.

ఆ ఫ్లాట్ క్యాన్సిల్ చేశాను. ఇంటాయన మొదట డబ్బు తిరిగి రాదన్నాడు. బుక్ చేసిన సైట్‌వాళ్లకి 'లైసెన్సు నంబరు అడిగితే ఇవ్వలేదు' అని ఆయన మెసేజ్‌ల ఫోటోలతో సహా రాశాను. మూడు రోజులు తిప్పి డబ్బు మొత్తం వేశారు. దానికి బదులు ఒక అపార్ట్‌హోటల్ దొరికింది, పద్నాలుగు వేలు ఎక్కువ. మెట్రోకి దగ్గర, లిఫ్ట్ ఉంది. ఫోటోలో పొయ్యి చూసి అమ్మ "ఇది పొయ్యా, అద్దం పలకా" అంది. మంట లేకుండా అన్నం ఎలా ఉడుకుతుందో చెప్పడానికి గంట పట్టింది, ఇంకా నమ్మలేదు.

రాత్రి భోజనాలయ్యాక బొబ్బిలి బాబు రాసింది మొత్తం అమ్మకి చదివి వినిపించాను. కాల్పులు ఉండవన్నప్పుడు ఏమీ అనలేదు. అద్దెల దగ్గర ఊఁ కొట్టింది. రాత్రిపూట తలుపు తీసి చూసే ముసలావిడ దగ్గర మాత్రం ఆపమంది. "ఒక్కర్తే ఉంటాదా?" అంది. ఒక్కర్తే అన్నాను. కాసేపటికి, "అయితే ఆళ్లది న్యాయమే" అంది.

తర్వాత తనే మొదలుపెట్టింది. మా పెద్దమ్మ వాళ్లది టెక్కలి దగ్గర, తేలినీలాపురం పక్క ఊరు. అక్కడికి ఏటా పక్షులొస్తాయి కదా, గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు. పురిటికి వచ్చిన ఆడపిల్లల్లా చూసుకుంటారు, పటాసులు కూడా కాల్చరు. "అవి చింతచెట్ల మీద కట్టుకుంటాయి గూడు. పిల్లల్ని లేపుకుని ఎల్లిపోతాయి. ఎవరింటి దూలం మీదా కట్టవు, అందుకే ఊరోళ్లకి ముద్దు" అంది. నేను ఫ్లాట్ క్యాన్సిల్ చేసిన సంగతి అప్పటికి తనకింకా చెప్పలేదు. చెప్పాక, పద్నాలుగు వేలు ఎక్కువ అనేసరికి, "అంతెందుకమ్మా, ఆ ముసిలామింట్లో ఒక గది ఇమ్మంటే పోయేది కదా" అంది. అమ్మతో ఇదీ వరస.

ట్యాక్సీ తమ్ముడూ, ఆ ఆడపిల్ల సంగతి చదివి మావారు కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఎప్పుడైనా అరకు వెళ్తే నీ కారులోనే, ఆదివారం మాత్రం కాదు. మూడు లాంతర్ల మాస్టారూ, మినహాయింపుల పేజీ చదివాను. అమ్మ బీపీ రాయలేదు. ఏజెంటు కుర్రాడు 'అవసరం లేదండి' అన్నాడని వదిలేశాను. రేపు వెళ్లి మార్పిస్తాను. కుండబద్దలు గారూ, తిరిగొచ్చాక ముఖలింగం తప్పకుండా.

సామాను సర్దడం మొదలైంది. ఆవకాయ రెండు కిలోలు, కరివేపాకు పొడి, చింతపండు, అమ్మాయికి జీడిపప్పు. వంటింట్లో మూత బిగించి, గుడ్డ కట్టి, పైన ప్లాస్టిక్ కవరు చుట్టి ఒక స్టీలు డబ్బా ఉంది. అమ్మ పది రోజులుగా వెన్న పోగుచేసి నిన్న కాచింది. జీడిపప్పు చెల్లీ, ఆ మాట ఇంకా చెప్పలేదు. మావారిని చెప్పమన్నాను. ఆయన నన్నే చెప్పమంటున్నారు.